ఇల్లు కొనేటప్పుడు లాయర్‌తో కాగితాలు చూపించుకోవడం ఎలా: బయానాకు ముందు నుంచి మ్యుటేషన్ దాకా

ఇల్లు నచ్చుతుంది, ధర కుదురుతుంది, "రేపు మంచిరోజు, ఓ లక్ష బయానా ఇచ్చేయండి" అంటారు. లాయర్ మాట వచ్చేసరికి డబ్బు చేతులు మారిపోయి ఉంటుంది. ఆ తర్వాత కాగితాల్లో లోపం బయటపడితే, బయానా వెనక్కి రాబట్టడానికి నోటీసు రాయడం తప్ప లాయర్ చేయగలిగింది పెద్దగా ఉండదు.

అందుకే అసలు మాట ముందే చెప్పాలి. లాయర్ మీ తరఫు మనిషి అయి ఉండాలి, డబ్బు కదలకముందే రావాలి, చెప్పేది కాగితం మీద రాసివ్వాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతా రెండూ అంతగా అక్కరకు రావు.

ఇది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఫ్లాటు, ఇండిపెండెంట్ ఇల్లు, ఇంటి స్థలం కొనేవారి కోసం. వ్యవసాయ భూమి కొనుగోలు దారి వేరు, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

## 1. ఎవరు ఎవరి తరఫున పనిచేస్తున్నారో తేల్చుకోండి

"బ్యాంకు లోన్ ఇస్తోందంటే కాగితాలు బాగున్నట్టేగా?" అని దాదాపు అందరూ అడుగుతారు. కాదు. బ్యాంకు ప్యానెల్ లాయర్ చూసేది, ఇచ్చే అప్పుకు ఆ ఆస్తి హామీగా పనికొస్తుందా అని. ఆయన రిపోర్టు బ్యాంకు ఫైల్లోకి వెళ్తుంది. రేపు ఆస్తి మీద తగాదా వచ్చినా ఈఎంఐ కట్టాల్సింది మీరే.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు సంగతీ అంతే. రిజిస్ట్రేషన్ అంటే మీ దస్తావేజును రికార్డుకు ఎక్కించడం. అమ్మినవారే అసలు హక్కుదారులని ప్రభుత్వం పూచీ పడడం కాదు.

డాక్యుమెంట్ రైటర్లు దస్తావేజు రాయడంలో చేయి తిరిగినవారే, కానీ ముప్పై ఏళ్ల హక్కు చరిత్ర తిరగేయడం వాళ్ల పని కాదు. బిల్డర్ చూపించే "మా లాయర్ ఒపీనియన్" (కాగితాలు చూసి లాయర్ రాసిచ్చే అభిప్రాయం) బిల్డర్ కోసం రాసింది. దాన్ని అడిగి తీసుకోండి, మీ లాయర్‌కు ఇవ్వండి. అంతటితో సరిపెట్టుకోకండి.

## 2. టోకెన్ ఇవ్వక తప్పకపోతే ఇలా ఇవ్వండి

పద్ధతిగా అయితే ఒపీనియన్ వచ్చాకే డబ్బు. కాగితాలు పూర్తిగా ఉంటే లాయర్‌కు వారం, పది రోజులు చాలు. పాత ఈసీలు (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్లు), సర్టిఫైడ్ కాపీలు తెప్పించాల్సి వస్తే ఇంకొంత పడుతుంది.

ఇల్లు చేజారిపోతుందన్న భయం ఉంటే టోకెన్ ఇవ్వొచ్చు, మూడు షరతులతో. మొత్తం చిన్నదిగా ఉండాలి. బ్యాంకు ద్వారానే వెళ్లాలి. ఇచ్చినప్పుడే రసీదు రాయించుకోవాలి. ఆ రసీదులో ఈ వాక్యం ఉండేలా చూడండి:

"కొనుగోలుదారు లాయర్ ఈ ఆస్తి కాగితాలు పరిశీలించి హక్కు స్పష్టంగా ఉందని రాతపూర్వకంగా చెప్పిన తర్వాతే అగ్రిమెంట్ చేసుకుంటాం. లోపం ఉందని తేలితే ఈ మొత్తాన్ని 7 రోజుల్లోగా పూర్తిగా తిరిగి ఇస్తాను."

ఈ ఒక్క వాక్యం రాయడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే ఇక్కడే ఆగి ఆలోచించడం మంచిది. కాగితాల మీద నమ్మకం ఉన్న యజమాని దీనికి వెనకాడడు.

ఇంకో మాట. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. పైగా నగదుగా ఇచ్చిన బయానాకు కోర్టులో రుజువు చూపించడం చాలా కష్టం.

## 3. లాయర్‌ను ఎంచుకోవడం

హైకోర్టులో పెద్ద పేరున్న క్రిమినల్ లాయర్ కన్నా, ఆస్తి ఉన్న జిల్లాలోనే సివిల్ ప్రాక్టీసు చేసే లాయర్ ఈ పనికి నయం. ఏ సర్వే నంబర్లో ఏ పేచీ నడుస్తోందో, ఆ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత రికార్డు ఎక్కడ దొరుకుతుందో స్థానికంగా పనిచేసేవారికి తెలుస్తుంది.

పని అప్పగించే ముందు ఇవి అడగండి:

- బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబర్ ఎంత?
- అమ్మేవారికి గానీ, బిల్డర్‌కు గానీ, ఈ బ్రోకర్‌కు గానీ ఎప్పుడైనా పనిచేశారా?
- ఈసీ, సర్టిఫైడ్ కాపీలు మీరే తెప్పిస్తారా, మేం తేవాలా?
- ఒపీనియన్ లెటర్‌హెడ్ మీద సంతకంతో ఇస్తారా?
- ఫీజులో ఏమేం కలుస్తాయి? ఒపీనియన్ ఒక్కటేనా, అగ్రిమెంట్, సేల్ డీడ్ డ్రాఫ్టులు, రిజిస్ట్రేషన్ రోజు హాజరు కూడానా?

ఫీజు ఒకే మొత్తంగా మాట్లాడుకోండి. "డీల్ అయితేనే ఫీజు" అనే ఒప్పందం వద్దు. అలాంటప్పుడు "కొనొద్దు" అని చెప్పడానికి లాయర్‌కు మనసొప్పదు, మీకు కావాల్సింది అవసరమైతే ఆ మాట చెప్పగలిగే మనిషి. బ్రోకర్ చూపించిన లాయర్‌ను కూడా ఇదే కారణంతో పక్కన పెట్టండి.

## 4. లాయర్ చేతికి ఏమేం ఇవ్వాలి

వాట్సాప్‌లో వంకరగా తీసిన నాలుగు ఫొటోలు పంపి "చూసి చెప్పండి సార్" అంటే సరైన ఒపీనియన్ రాదు. ప్రతి దస్తావేజూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, స్టాంపు కాగితం వెనకవైపు రాతలతో, షెడ్యూల్, ప్లాన్, వేలిముద్రల పేజీతో సహా ఉండాలి. పాత దస్తావేజుల్లో అసలు విషయం చాలాసార్లు వెనక పేజీలోనే దొరుకుతుంది.

అన్ని ఆస్తులకూ:

- ప్రస్తుత యజమాని సేల్ డీడ్, అంతకు ముందున్న లింక్ డాక్యుమెంట్లన్నీ (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు)
- 30 ఏళ్ల ఈసీ
- తాజా ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు
- యజమాని ఆధార్, పాన్
- లోన్ ఉంటే బ్యాంకు దగ్గరున్న పత్రాల జాబితా, బకాయి లెటర్

ఫ్లాటు అయితే వీటికి అదనంగా:

- మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం ప్లాన్ ప్రకారమే ఉంది, ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చేది)
- స్థల యజమానికి, బిల్డర్‌కు మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, ఎవరి వాటాలో ఏ ఫ్లాటో చెప్పే సప్లిమెంటరీ అగ్రిమెంట్
- కొత్త ప్రాజెక్టు అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ నంబర్
- అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న లెటర్

ఇంటి స్థలం అయితే:

- లేఅవుట్ అనుమతి నంబర్, లేఅవుట్ కాపీ (హెచ్ఎండీఏ, డీటీసీపీ, సీఆర్డీఏ, వీఎంఆర్డీఏ, ఏది వర్తిస్తే అది)
- అనుమతి లేని లేఅవుట్ అయితే ఎల్ఆర్ఎస్ (క్రమబద్ధీకరణ పథకం) ప్రొసీడింగ్స్
- వ్యవసాయేతర భూమిగా మార్చిన నాలా ఉత్తర్వు (ఆంధ్రలో నాలా చట్టం 2025లో రద్దయింది, అక్కడ అంతకు ముందు మార్చినవాటికే)
- మూల భూమి రికార్డు: తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్, ఆ తర్వాతి పహాణీలు. ఆంధ్రలో ఆర్ఎస్ఆర్, అడంగల్, 1-బి

గ్రామకంఠంలోని (ఊళ్లో పాత నివాస స్థలంలోని) ఇళ్లకు ఇన్ని కాగితాలు ఉండవు. అక్కడ పంచాయతీ ఇంటిపన్ను రికార్డు, స్వాధీనం, చుట్టుపక్కలవారి మాట, ఇంటిలో పుట్టిన వారసుల సంతకాలే ఆధారం. ఆ సంగతి లాయర్‌కు మొదటే చెప్పండి.

## 5. లింకు ఎక్కడ తెగిందో మీరే గీసి చూసుకోండి

ఒక తెల్ల కాగితం తీసుకుని పై నుంచి కిందికి రాయండి: ఎవరి నుంచి ఎవరికి, ఏ సంవత్సరం, ఏ డాక్యుమెంట్ నంబర్, ఎన్ని గజాలు. కిందికి వచ్చేకొద్దీ ప్రతి కొనుగోలుదారూ తర్వాతి వరుసలో అమ్మకందారు కావాలి. ఎక్కడ పేరు మారిందో, గజాలు పెరిగాయో, సంవత్సరాల మధ్య ఖాళీ ఉందో అక్కడ ఎర్ర గుర్తు పెట్టండి. ఈ కాగితంతో లాయర్ దగ్గరికి వెళ్తే మీరు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

తెగే చోట్లు ఎక్కువగా ఇవి.

వారసత్వం. యజమాని వీలునామా రాయకుండా చనిపోతే భార్య, పిల్లలే వారసులని చాలామంది అనుకుంటారు. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం చనిపోయిన మగవారి తల్లి బతికి ఉంటే ఆమెకూ సమాన వాటా ఉంది. ముందే చనిపోయిన కూతురు పిల్లలకూ ఉంది. ఈ ఇద్దరినీ మరిచిపోయిన దస్తావేజులు లెక్కలేనన్ని. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి, కానీ అదే తుది మాట కాదు. వారసులందరి సంతకాలు కావాలి, లేదా సంతకం పెట్టనివారి నుంచి రిజిస్టరైన రిలీజ్ డీడ్ (తన వాటా వదులుకున్నట్టు రాసిచ్చే పత్రం) కావాలి.

ఆడపిల్లల వాటా. పిత్రార్జితం అయితే కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు ముందే వచ్చింది. 2005 కేంద్ర సవరణతో కూతుళ్లందరికీ వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. "మా చెల్లెళ్లకు కట్నం ఇచ్చేశాం" అన్న మాట చట్టంలో చెల్లదు. చెల్లెళ్ల సంతకం అడగండి.

మైనర్ ఆస్తి. మైనర్ పేరున ఉన్న ఆస్తిని తండ్రి గానీ తల్లి గానీ కోర్టు అనుమతి లేకుండా అమ్మి ఉంటే, ఆ బిడ్డ మేజర్ అయ్యాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని సవాలు చేయొచ్చు. లింకులో "మైనర్, సంరక్షకుడు తండ్రి" అని కనిపిస్తే కోర్టు ఉత్తర్వు కాపీ అడగాల్సిందే.

జీపీఏ (తన తరఫున పనులు చేయమని ఇంకొకరికి ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ). జీపీఏ, అగ్రిమెంట్, వీలునామా మూడూ కలిపి రాసుకున్నంత మాత్రాన హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. జీపీఏ ఉన్నవారు అసలు యజమాని తరఫున సేల్ డీడ్ రిజిస్టర్ చేస్తే అది వేరు, చెల్లుతుంది. కానీ ఆ రోజుకు అసలు యజమాని బతికి ఉన్నారా, జీపీఏ రద్దు చేయలేదా అన్నది చూడాలి. లాయర్ చేత అసలు యజమానికి నేరుగా ఫోన్ చేయించండి, వీడియో కాల్ అయితే ఇంకా మంచిది.

అసైన్డ్ భూమి. ప్రభుత్వం భూమిలేని పేదలకు ఇచ్చిన భూమిని అమ్మడాన్ని 1977 చట్టం నిషేధించింది. ఆంధ్రలో 2023 సవరణ 20 ఏళ్లు నిండిన కొన్ని రకాల అసైన్డ్ భూములకు వీలు కల్పించింది గానీ, మీ ప్లాటు కింద ఉన్న భూమికి అది వర్తిస్తుందో లేదో లాయర్ రికార్డు చూసి రాతపూర్వకంగా చెప్పాలి.

ఒరిజినల్స్ పోయాయి అంటే. పోలీసు ఫిర్యాదు, పేపర్ ప్రకటన, సర్టిఫైడ్ కాపీ, నష్టపరిహార పత్రం ఇవన్నీ తీసుకోవచ్చు. అయినా అసలు అనుమానం మిగిలే ఉంటుంది: ఆ పత్రాలు ఎవరి దగ్గరో తాకట్టులో ఉన్నాయేమో. ఇలాంటి ఇంటిని ధర తగ్గించారని కొనకండి.

ప్రతి లింకుకూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తెప్పించి, అమ్మేవారు చూపిన ఒరిజినల్‌తో పేజీ పేజీ పోల్చమని లాయర్‌కు చెప్పండి. నకిలీ దస్తావేజులు దొరికేది ఇక్కడే. ఖర్చు స్వల్పం, చాలామంది మానేసే పని కూడా ఇదే.

## 6. ఈసీ తీయడంలో జరిగే తప్పులు

తెలంగాణ, ఆంధ్ర రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలో 1983 నుంచి ఈసీ వెతకొచ్చు. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి చేతిరాత పుస్తకాలు వెతికించాలి.

వెబ్‌సైట్‌లో కొట్టగానే వచ్చిన ఒక్క పేజీ చూసి సంతోషపడకండి. మీరు ఇచ్చిన వివరాలకు సరిపోయినవే అందులో కనిపిస్తాయి. ఇంటి నంబర్‌తో వెతికితే సర్వే నంబర్ మీద జరిగినవి రావు. సర్వే నంబర్‌తో వెతికితే పాత ఇంటి నంబర్ మీదివి రావు. అందుకని ఇన్ని రకాలుగా తీయించండి:

- ఇప్పటి ఇంటి నంబర్, పాత ఇంటి నంబర్ రెండింటితో
- సర్వే నంబర్, సబ్ డివిజన్‌లతో (ఉదాహరణకు 142, 142/ఏ, 142/1 విడివిడిగా)
- ప్లాట్ నంబర్, ఫ్లాట్ నంబర్‌తో
- మీ దగ్గరున్న ప్రతి లింకు డాక్యుమెంట్ నంబర్‌తో

రెండో తప్పు పరిధిది. హైదరాబాద్ చుట్టుపక్కల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులు ఎన్నోసార్లు విడిపోయాయి. ఇప్పటి ఆఫీసులో ఈసీ శుభ్రంగా ఉన్నా, పాత ఆఫీసులో తాకట్టు దస్తావేజు ఉండొచ్చు. ఆ గ్రామం ఏ సంవత్సరాల్లో ఏ ఆఫీసు కింద ఉందో కనుక్కుని, ఆ కాలాలకు ఆయా ఆఫీసుల నుంచి ఈసీ తీయాలి.

మూడోది తేదీ. బయానా ముందు ఒకసారి, రిజిస్ట్రేషన్‌కు ముందు రోజు మరోసారి ఈసీ చూడండి. మధ్యలో అమ్మేవారు ఇంకొకరికి రాసిచ్చిన సందర్భాలు ఉన్నాయి.

## 7. ఈసీలో ఎప్పటికీ కనిపించనివి

ఈసీ రిజిస్టరైన ఆస్తి దస్తావేజులకే అద్దం. వీలునామాలు, మామూలు జీపీఏలు వేరే పుస్తకాల్లో నమోదవుతాయి కాబట్టి అందులో రావు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, నోటి పంపకాలు, కోర్టు కేసులు రావు. వీటిని లాయర్ విడిగా వెతకాలి.

- నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూముల జాబితా వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. సర్వే నంబర్‌తో చూడాలి.
- కోర్టు కేసులు. ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో అమ్మేవారి పేరు, వారి తండ్రి పేరు, పాత యజమానుల పేర్లతో జిల్లా కోర్టు, హైకోర్టు రెండింట్లో వెతికించండి. కేసు నడుస్తుండగా కొంటే ఆ తీర్పుకు మీరూ కట్టుబడాలి.
- తాకట్టు. పత్రాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు కొన్నిసార్లు రిజిస్టర్ కాదు. అలాంటి తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్ రికార్డులో చిన్న ఫీజు కట్టి చూడొచ్చు.
- చెరువు. తెలంగాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు ఉండకూడని జాగా. హెచ్ఎండీఏ చెరువుల మ్యాపులో సర్వే నంబర్ చూడండి. 2024లో చెరువు ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చాక హైదరాబాద్‌లో ఈ పరిశీలన చేయకుండా ఇల్లు కొనడం ప్రమాదం.
- ఇంట్లో ఉన్నవారు. అద్దెకున్నవారిని, పక్కింటివారిని మీరే వెళ్లి పలకరించండి. ఏ హక్కుతో ఉంటున్నారో అద్దెదారు చేత రాయించుకోండి.

## 8. అనుమతులు: ఫ్లాటు కొనేవారు ఆగి చూడాల్సిన చోటు

ప్లాన్‌లో ఎన్ని అంతస్తులు, నేలమీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పైన పెంట్‌హౌస్ కనిపించి ప్లాన్‌లో లేకపోతే, ఆ ఫ్లాటు మీది కాకపోయినా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ మీ అందరికీ ఆగుతుంది.

చాలా అపార్టుమెంట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు కట్టడం విస్తీర్ణంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. మీకు చూపించిన ఫ్లాటు ఆ 10 శాతంలో ఉందేమో అడగండి. లేఅవుట్లలో కూడా ఇలాగే కొన్ని ప్లాట్లు తనఖాలో ఉంటాయి. వాటి నంబర్ల జాబితా అనుమతి పత్రంలోనే ఉంటుంది.

డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కింద కట్టిన ఫ్లాటు అయితే ఇంకో సంగతి. మీ ఫ్లాటు స్థల యజమాని వాటాలో ఉంటే ఆయన సంతకం లేకుండా బిల్డర్ అమ్మలేడు. సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లో ఫ్లాట్ నంబర్ వెతికి, ఎవరు సంతకం పెట్టాలో లాయర్ చేత రాయించుకోండి.

స్థలంలో అవిభాజ్య వాటాను (ప్రతి ఫ్లాటుకూ వచ్చే, విడదీయని భూమి వాటా) కూడి చూడండి. 600 గజాల్లో పది ఫ్లాట్లు ఉంటే అన్ని వాటాలూ కలిపి 600కు మించకూడదు. పది దస్తావేజుల్లోనూ 65 గజాలు రాసి ఉంటే, లేని 50 గజాలను ఎవరికో అమ్మినట్టే.

కొత్త ప్రాజెక్టుల్లో 500 చదరపు మీటర్ల స్థలం గానీ, ఎనిమిది ఫ్లాట్లు గానీ మించితే రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. రెరా ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదు. "ప్రీ లాంచ్ ఆఫర్, మొత్తం కట్టేస్తే సగం ధర" అంటే ఈ చట్టాన్ని పక్కన పెట్టమని అడుగుతున్నట్టే.

## 9. ఒపీనియన్ చేతికొచ్చాక ఎలా చదవాలి

మంచి ఒపీనియన్ రెండు పేజీల్లో ముగియదు. అందులో పరిశీలించిన పత్రాల జాబితా, ఏది ఒరిజినలో ఏది జిరాక్సో, హక్కు చరిత్ర వరుసగా, ఈసీ కాలం, దొరికిన లోపాలు, వాటికి మందు, చివర్లో స్పష్టమైన అభిప్రాయం ఉండాలి.

జాగ్రత్తగా చూడాల్సింది చివరి పేరాలోని షరతులు. "పై పత్రాలు సమర్పిస్తే హక్కు స్పష్టంగా ఉన్నట్టే" అని రాస్తే, ఇప్పుడు స్పష్టంగా లేదనే అర్థం. ఆ షరతులను వేరే కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్కటీ తీరిందని లాయర్ మళ్లీ రాసిచ్చేదాకా అగ్రిమెంట్ వద్దు.

లోపాలను మూడు రకాలుగా విడదీయమనండి. ఒక సర్టిఫికెట్ తెస్తే తీరేవి, ఒకరి సంతకమో సవరణ దస్తావేజో కావాల్సినవి, ఎన్నటికీ తీరనివి. మూడో రకం ఒక్కటి ఉన్నా వెనక్కి రండి. రెండో రకాన్ని అమ్మేవారి ఖర్చుతో, మీ డబ్బు వెళ్లకముందే చేయించండి.

అనుమానం పూర్తిగా తీరకపోతే లాయర్ పేరుతో తెలుగు, ఇంగ్లీషు పత్రికల్లో ప్రకటన ఇప్పించొచ్చు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే హక్కు రుజువైనట్టు కాదు, కానీ మీరు జాగ్రత్త పడ్డారనడానికి అది ఆధారం.

## 10. అగ్రిమెంట్‌లో తప్పక ఉండాల్సినవి

- మొత్తం ధర, ఇచ్చిన మొత్తం, మిగిలింది ఏ తేదీన ఎలా
- రిజిస్ట్రేషన్‌కు గడువు తేదీ
- లోన్ రాకపోతే బయానా సంగతి ఏమిటి
- హక్కులో లోపం తేలితే ఎన్ని రోజుల్లో, ఎంత వడ్డీతో తిరిగిస్తారు
- పన్ను, కరెంటు, అసోసియేషన్ బకాయిలు ఏ తేదీ దాకా ఎవరివి
- ఖాళీ ఇల్లు ఎప్పుడు అప్పగిస్తారు
- సొంతదారులందరి సంతకాలు

గడువు తేదీ దాటాక అమ్మేవారు మొండికేస్తే, రిజిస్టర్ చేయించమని కోర్టుకు వెళ్లడానికి ఆ తేదీ నుంచి మూడేళ్లే సమయం. తేదీ రాయని అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకండి. అలాగే "స్వాధీనం అప్పగించాం" అన్న మాట అలవాటుగా రాసేస్తుంటారు. అప్పగించకుండా అలా రాస్తే క్రయ దస్తావేజుకు పడేంత స్టాంపు డ్యూటీ అగ్రిమెంట్‌కే పడే ప్రమాదం ఉంది.

అమ్మేవారికి లోన్ ఉంటే మీ డబ్బులో ఆ భాగం నేరుగా ఆ బ్యాంకు లోన్ ఖాతాకే వెళ్లాలి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఒరిజినల్స్ ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన. ఆలస్యానికి రోజుకు 5,000 రూపాయల పరిహారం కూడా ఉంది. తాకట్టు రిజిస్టరై ఉంటే దాని రద్దు కూడా రిజిస్టరై ఈసీలో కనిపించాలి.

## 11. సేల్ డీడ్ డ్రాఫ్టు, రిజిస్ట్రేషన్ రోజు

డ్రాఫ్టు కనీసం రెండు రోజుల ముందు చేతికి రావాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు జిరాక్స్ షాపులో నిలబడి మొదటిసారి చదివితే తప్పులు దొరకవు. రిజిస్టరయ్యాక తప్పు తేలితే సవరణ దస్తావేజుకు మళ్లీ అమ్మినవారినే పిలవాలి. డబ్బు తీసుకుని అమెరికా వెళ్లిపోయిన మనిషిని పిలవడం మాటలు కాదు.

పెన్సిల్ పట్టుకుని పాత దస్తావేజుతో పోల్చాల్సినవి:

- పేర్ల అక్షరాలు ఆధార్, పాన్‌తో సరిపోతున్నాయా
- నాలుగు హద్దులు పాత దస్తావేజులోనూ, నేలమీదా ఒకటేనా
- గజాలు, చదరపు మీటర్లు రెండూ సరిగ్గా మారాయా
- సర్వే నంబర్, ఇంటి నంబర్, పన్ను అసెస్‌మెంట్ నంబర్
- లింకు డాక్యుమెంట్ నంబర్, సంవత్సరం, ఆఫీసు పేరు
- చెల్లింపుల వివరాలు, చెక్కు లేదా యూటీఆర్ (బ్యాంకు బదిలీ) నంబర్లతో
- కార్ పార్కింగ్ నంబర్, అవిభాజ్య వాటా

ధర గానీ, ప్రభుత్వ విలువ గానీ 50 లక్షలు, అంతకు మించితే 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే పన్ను) పట్టుకుని కట్టే బాధ్యత కొనేవారిదే. 80 లక్షల ఇంటికి 80,000 ప్రభుత్వానికి, 79,20,000 అమ్మేవారికి. పట్టుకున్న నెల ముగిసిన 30 రోజుల్లోగా కట్టాలి. అమ్మేవారు ఎన్ఆర్ఐ అయితే ఈ 1 శాతం లెక్క వర్తించదు, రేటు చాలా ఎక్కువ. ఆ సందర్భంలో లాయర్‌తో పాటు ఆడిటర్ కూడా కావాలి, అదీ అగ్రిమెంట్‌కు ముందే.

సంతకాలైన దస్తావేజును నాలుగు నెలల్లోగా రిజిస్ట్రేషన్‌కు సమర్పించాలి. ఇద్దరు సాక్షులు, అందరి ఒరిజినల్ గుర్తింపు కార్డులు వెంట ఉండాలి. ఒరిజినల్ లింకు పత్రాలన్నీ బల్ల మీదికి వచ్చాకే చివరి చెల్లింపు చేతికివ్వండి. "ఇంట్లో ఉన్నాయి, సాయంత్రం ఇస్తా" అంటే స్లాట్ మార్చుకోవడమే మేలు.

## 12. విదేశాల్లో ఉండి కొనేవారికి

ఎన్ఆర్ఐలు ఇల్లు, ఇంటి స్థలం కొనొచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి వీల్లేదు. "ఫామ్ ప్లాట్" పేరుతో గుంటల్లో అమ్మేది చాలావరకు వ్యవసాయ భూమే. నాలా ఉత్తర్వు చూడకుండా ముందుకెళ్లొద్దు.

తమ్ముడికో మామయ్యకో పవర్ ఇచ్చేటప్పుడు అన్ని పనులకూ కలిపి జీపీఏ ఇవ్వొద్దు. ఈ ఒక్క ఇల్లు కొనడానికి, దీని రిజిస్ట్రేషన్‌కు మాత్రమే పరిమితమైన స్పెషల్ పవర్ చాలు. డ్రాఫ్టు ఇక్కడి లాయర్ రాయాలి. అక్కడ నోటరీ, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ఆ దేశ ప్రభుత్వం వేసే ముద్ర) లేదా భారత కాన్సులేట్ ధ్రువీకరణ చేయించి పంపాక, ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించాలి. కొరియర్ కవరు పారేయకండి, చేరిన తేదీకి అదే రుజువు.

లాయర్‌తో మాట్లాడే పని మాత్రం పవర్ ఉన్నవారికి వదిలేయకండి. ఒపీనియన్ నేరుగా మీ ఈమెయిల్‌కు రావాలి, ప్రశ్నలు మీరే అడగాలి.

## 13. రిజిస్ట్రేషన్ అయ్యాక

లాయర్ ఫైలు ఇక్కడే మూసేయనివ్వకండి. వారం తర్వాత మీ పేరుతో ఈసీ తీసి మీ డాక్యుమెంట్ నంబర్, గజాలు సరిగ్గా ఎక్కాయో చూడండి. మున్సిపల్ ఆస్తి పన్నులో పేరు మార్పు (మ్యుటేషన్), కరెంటు మీటరు, నీటి కనెక్షన్, అసోసియేషన్ రికార్డు ఒక్కొక్కటీ మార్పించండి. పన్ను రికార్డులో పాత యజమాని పేరే ఏళ్ల తరబడి ఉండిపోతే, మీరు అమ్మేరోజున మీ కొనుగోలుదారు లాయర్ పెట్టే మొదటి ఎర్ర గుర్తు అదే అవుతుంది.

లోన్ ఉంటే ఒరిజినల్స్ బ్యాంకుకు వెళ్లిపోతాయి. ఇచ్చే ముందు ప్రతి పేజీ స్కాన్ చేయండి, సేల్ డీడ్‌కు ఒక సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. బ్యాంకు తీసుకున్న పత్రాల జాబితా మీద సంతకం, ముద్ర, తేదీ వేయించుకుని, దాన్ని లాయర్ ఒపీనియన్‌తో కలిపి ఒకే ఫైల్లో పెట్టండి. ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి.